మోడెముల లెక్క

(సంఘ వార్షిక మహాసభ రెండవనాఁటి యుదయమునఁ గావించిన యుపన్యాసము)



మమ్ము నీ వేదికకుఁ బిలిచిన కార్యనిర్వాహకులు మేము సంస్కృతవిద్యను గూర్చి గాని వసతిగృహపు క్రమశిక్షణను గూర్చి గాని మాటాడుదుమని తలంచి యుందురు. ముప్పదియైదేండ్లు శబ్దములను ధాతువులను వల్లెవేయించిన మేము మోడెములను గూర్చి ప్రసంగింప నుద్యమించుట కొందఱికి వింతగాఁ దోఁపవచ్చును. అయినను నేఁటి మధ్యాహ్నము సర్వసభ్యసమావేశము ముందునకు రానున్న రెండు తీర్మానములును ఈ విషయముతో ముడివడి యున్నవి. మొదటిది ఋణనిధి నియమములలో 2001 సంవత్సరమునఁ జేర్పఁబడిన "యంత్రముల మీఁదను ఫోనుల మీఁదను నడచు వ్యాపారములకు ఋణ మీయఁబడదు" అను వాక్యమును దొలఁగించుట. రెండవది వసతిగృహమున కంతర్జాలపు దారుల నిచ్చెదమని ముగ్గురు దాతలు చేసిన వాగ్దానమును స్వీకరించు పద్ధతి. ఈ రెంటిని గూర్చియు సభ్యులు చేతు లెత్తుటకు ముందు కొంత లెక్క విని యుండుట మేలని మా యభిప్రాయము.

ఇచ్చటఁ గూర్చున్న పిన్నలలోఁ బెక్కుమంది ఫోనుదారి యంతర్జాలమును జూచి యుండరు. ఇంటి ఫోను తీఁగను మోడెమను చిన్న పెట్టెకుఁ దగిలించి, యా పెట్టెను గంప్యూటరునకుఁ గలిపి, సంస్థవారి నెంబరునకు డయలు చేయవలయును. ఆవలి కొసను సంస్థవారి మోడెము ఫోను నెత్తును. రెండు పెట్టెలును గొంత సేపు కీచుమని యఱచుకొని, యెంత వేగమున మాటాడుకొనవలయునో నిర్ణయించుకొనును. ఆ మీఁదటనే యుత్తరములు వచ్చుట, పుటలు తెఱచుట. ఆ సమయమున నింటికి మఱియొక ఫోను వచ్చిన నెంగేజు మ్రోఁతయే వినఁబడును. మోడెమనఁగా నంకెలను ధ్వనిగా మార్చి, మరల ధ్వని నంకెలుగా విప్పు యంత్రము; ఆంగ్లమున నా రెండు పనుల పేళ్ళ మొదళ్ళను గలిపి యా మాటను గట్టిరి. 1994 లో సెకనునకు 28,800 బిట్ల వేగము ప్రమాణ మాయెను. 1998 లో వి.90 అను ప్రమాణముతో నది 56,000 వఱకుఁ బెరిగెను, కాఁగితము మీఁదనైనను.

ఇందు గమనింపవలసిన దొక్కటియే. ఇంటి కొక్క మోడెము చాలును. కాని సంస్థ యొద్ద నెన్ని మోడెము లుండవలయును? మున్నూఱుమంది చందాదారు లున్నచో మున్నూఱు మోడెములు కొనుట పిచ్చితనము. అందఱు నొక్క గడియలో రారు. మోడెమునకు మోడెము ఖరీదు, దానితోపాటు టెలిఫోను శాఖ కొక్కొక్క తీఁగకు నద్దె. తక్కువ కొన్నచో, డబ్బు చెల్లించినవాఁడు రాత్రి తొమ్మిది గంటలకు డయలు చేసి యెంగేజు మ్రోఁత విని, మఱునాఁడు వీథిలో మనలను దిట్టును. ఈ రెంటి నడుమ నుచితమైన సంఖ్య యెచ్చట నున్నదన్నదే ప్రశ్న.

దీనిని మనకుఁ దెలిసిన సత్రముతోఁ బోల్చి చూచిన సులభముగాఁ దెలియును. పెండ్లిభోజనమును గాదు, సత్రమునే తలంపుఁడు. పెండ్లిలో నందఱు నొక్కసారి పంక్తిలోఁ గూర్చుండి యొక్కసారి లేతురు. సత్రములో బాటసారు లెప్పుడు వత్తురో తెలియదు. ఒకఁడు తొందరగాఁ దిని లేచును, ఒకఁడు మజ్జిగ దాఁక నిదానించి తాంబూలము వేసికొని లేచును. ముప్పది విస్తళ్ళకుఁ జోటున్న సత్రములో ముప్పదియొకటవ వాఁడు వచ్చినచో లోపల నొక యాకైన ఖాళీ లేదని వెనుకకుఁ బోవును. ఎంగేజు మ్రోఁత యనఁగా నదియే. సత్రాధికారి దినమున కెందఱు భోజనము చేసిరో లెక్కవ్రాసికొని సంతోషించును గాని, యెందఱు వాకిట నుండి మరలిపోయిరో వ్రాసికొనఁడు. ఫోను సంస్థలును మొదట నట్లే చేసెను.

ఈ లెక్కను మొట్టమొదట శాస్త్రముగాఁ గట్టినవాఁ డొక బడిపంతులు కుమారుఁడు, కొన్నియేండ్లు తానును బడిపంతులే. ఈ సంగతి మాకుఁ గొంత గర్వకారణము. ఆతని పేరు ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగు. డెన్మార్కు దేశమున జట్లండు ప్రాంతపు గ్రామములో 1878 జనవరి 1వ తేదీనఁ బుట్టి, కోపెన్‌హేగను విశ్వవిద్యాలయమున 1901 లోఁ బట్టము పొంది, యనంతరము పాఠశాలలలో బోధించెను. 1908 లో కోపెన్‌హేగను టెలిఫోను కంపెనీలోఁ జేరెను. 1909 లో ఫోను పిలుపులు వచ్చు తీరును సంభావ్యతాగణితముతో వివరించు వ్యాసమును, 1917 లో నిన్ని తీఁగలు నింత రద్దీయు నున్నప్పుడు నూటి కెందఱికి దారి దొరకదో తెలుపు సూత్రమును బ్రకటించెను. 1929 లో గతించెను. ఫోనురద్దీని గొలుచు ప్రమాణమునకు 1946 లో నంతర్జాతీయసంఘమువా రాతని పేరే పెట్టిరి. మోడెము పుట్టుటకు ముందే మోడెముల లెక్క తేలియుండెనన్నమాట.

ఒక ఎర్లాంగనఁగా నొక తీఁగ గంటసేపు పూర్తిగా నిండి యుండుట. లెక్కించు తీరు చూడుఁడు. మున్నూఱు చందాదారులలో రద్దీగంటలో, అనఁగా రాత్రి తొమ్మిది మొదలు పది వఱకు, ఐదుగురి కొకఁడు చొప్పున నఱువదిమంది డయలు చేయుదు రనుకొందము. ఒక్కొక్కఁడు సగటున నిరువది నిమిషములు నిలుచు ననుకొందము. అఱువదియు నిరువదియు గుణించినఁ బండ్రెండువందల నిమిషములు, అనఁగా నిరువది గంటలు. ఆ గంటలో రద్దీ 20 ఎర్లాంగులు.

ఇది విని లోకజ్ఞుఁడైన వర్తకుఁ డిరువది మోడెములు చాలుననును. సగటు నిరువదియే కదా! ఇక్కడనే యందఱును జాఱిపడుదురు. 20 ఎర్లాంగుల రద్దీకి 20 మోడెములు పెట్టినచో నూటికి సుమారు 16 మందికి దారి దొరకదు. 25 పెట్టినచో నూటికి 5. 30 పెట్టినచో నూటి కొకనికంటెఁ దక్కువ. రద్దీ సగటునకుఁ బైకిని గ్రిందికిని నూఁగిసలాడుచుండును. క్రిందికిఁ బోయినపుడు ఖాళీగా నున్న మోడెము, పైకిఁ బోయినపుడు తిరిగి వచ్చి పనిచేయఁజాలదు. పోయిన నిమిషమును దాఁచిపెట్టుకొను గాదె లేదు. కావున సగటునకుఁ బైగాఁ గొంత యుంచుకొనక తప్పదు. మున్నూఱుమందికి ముప్పది యన్నచోఁ బదుగురి కొకటి. అమెరికాలో నాఁటి సంస్థలు సాధారణముగాఁ బాటించిన లెక్కయు నిదియే. మంచిపేరు గోరినవా రెనమండ్రకు, లోభించినవారు పదునైదుగురికి, ఇరువదిమందికి నొకటి చొప్పునఁ బెట్టిరి.

ముప్పది మోడెము లున్నప్పుడు మిక్కిలి రద్దీగల గంటలో సయితము మూఁడింట నొకవంతు సుమారుగా ఖాళీగా నుండును. పెట్టుబడి పెట్టిన పోషకుఁడు వచ్చి చూచి, "పది యూరక మెఱయుచున్నవి, ఎందుకయ్యా యీ దండుగ?" యని యడుగును. ఆ పదియే యెంగేజు మ్రోఁతను దూరముగా నుంచుచున్నవని యాతనికిఁ జెప్పి యొప్పించుట సూత్రమును గనిపెట్టుటకంటెఁ గష్టము.

ఈ సూత్రములో మఱియొక విశేష మున్నది. దీనిని సభవారు మనసునం దుంచుకొనఁ బ్రార్థన. చందాదారులు రెట్టించి ఆఱువందలై, రద్దీ 40 ఎర్లాంగులైనచో మోడెము లఱువది యక్కఱలేదు, 53 చాలును. పెద్దగుంపునకు దామాషాలోఁ దక్కువ చాలును. దీనికి విపర్యయముగా, ఆ ముప్పది మోడెములనే మూఁడు పదులుగా విడఁదీసి, మూఁడు వేఱువేఱు నెంబరు లిచ్చి, చందాదారులను మూఁడు భాగములు చేసితి మనుకొనుఁడు. మనుష్యులు వారే, యంత్రము లవే, రద్దీయు నదే. కాని యొక్క గుంపుగా నున్నప్పుడు నూటి కొకనికంటెఁ దక్కువగా నుండిన నిరాశ, విడఁదీసినపుడు నూటికి ఆఱేడుగురి వఱకుఁ బెరుగును. ఒక గదిలో నాకులు ఖాళీగా నుండఁగాఁ బ్రక్కగది వాకిట నొకఁ డాఁకలితో నిలిచియుండుటయే దీనికిఁ గారణము.

ఇంతవఱకు సూత్రము. మనుష్యులు సూత్రమునకు లోఁబడి నడుచుదురా యను దానికి నిదర్శనముగా నమెరికాలో జరిగిన దొకటి చెప్పుదుము. అమెరికా ఆన్‌లైన్ అను సంస్థ యా దేశమున నాఁడు మిక్కిలి పెద్దది. 1996 వఱకు వారు నెలకు 9 డాలర్ల 95 సెంట్ల కైదు గంటలు ఇచ్చి, ఆ పై ప్రతిగంటకు 2 డాలర్ల 95 సెంట్లు వసూలు చేసిరి. 1996 డిసెంబరు 1వ తేదీనుండి నెలకు 19 డాలర్ల 95 సెంట్లు చెల్లించినవా రెంతసేపైన నుండవచ్చునని ప్రకటించిరి. చందాదారు లప్పటికి డెబ్బదిలక్షలకుఁ బైఁబడి యుండిరి. మీటరు తిరుగుట యాఁగినతోడనే జనులు లేచుట యాఁగెను. కొలఁది వారములలోనే దేశమంతటను నెంగేజు మ్రోఁతయే. అంతకంటె విపరీత మేమనఁగా, ఒకసారి లోపలఁ బ్రవేశించినవాఁడు లేచినచో మరల చోటు దొరకదను భయముతోఁ బని లేకున్నను లైనును వదలఁడాయెను. సత్రములో నాకు దొరకినవాఁడు రాత్రిభోజనమునకుఁ గూడ నచ్చటనే కూర్చుండినట్లు.

మన ముప్పది మోడెములతో దీనిని లెక్కించి చూడుఁడు. చందాదారు లొక్కఁడును బెరుగలేదు, డయలు చేయువా రఱువదియే. నిలుచుకాలము మాత్ర మిరువది నిమిషముల నుండి నలువదికిఁ బెరిగినది. నూటి కొకని కంటెఁ దక్కువగా నుండిన నిరాశ నూటికి 30 మందికిఁ బాఁకును. ఎర్లాంగు సూత్రములో దారి దొరకనివాఁడు మౌనముగాఁ బోవు ననియే ఊహ. మోడెము పోదు, అది యంత్రము. ఎంగేజు విన్న మఱుక్షణమే తానే మరల డయలు చేయును, మరల మరల. కావున నిజమైన యవస్థ సూత్రము చెప్పినదానికంటె నధికము.

ఆ సంస్థ 1997 జనవరిలోఁ దన దారులను బెంచుటకు 35 కోట్ల డాలర్లు వెచ్చింతునని ప్రకటింపవలసివచ్చెను. వ్యాజ్యములు పుట్టెను. ముప్పదికిఁ బైగా రాష్ట్రముల ప్రభుత్వన్యాయవాదులు కలుగఁజేసికొనఁగా, నష్టపడిన చందాదారులకు సొమ్ము వాపసు చేయుటకును, దారులు పెరుగువఱకుఁ బ్రకటనలను దగ్గించుటకును నొప్పుకొనెను. ఆ సంస్థ తన ఫోనుదారి సేవను 2025 సెప్టెంబరు 30వ తేదీన మూసివేసినది.

ఇచ్చట మా పాతవృత్తి మమ్ము నొక మాట పలికించుచున్నది. "అపరిమితము" అను శబ్దమున నున్న ‘మా’ ధాతువునకుఁ గొలుచుట యర్థము. అపరిమిత మనఁగాఁ గొలువఁబడనిది. అయితే కొలువఁబడనిది వేఱు, కొలువ నలవికానిది వేఱు. అమ్మినవారు మొదటి యర్థమున నమ్మిరి, మేము మీ గంటలను గొలువము అని. కొన్నవారు రెండవ యర్థమునఁ గొనిరి, సముద్రమువలె నెంత ముంచుకొన్నను తఱుగదని. ఒక్క విశేషణమునకు రెండర్థములుండుట కావ్యమున శ్లేష. రసీదు మీఁద నది వివాదము.

మన దేశమున నీ వ్యవహారము వేఱుదారిలో నడచినది. విదేశ్ సంచార్ నిగం వారు 1995 ఆగస్టు 15వ తేదీన బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరములలో సామాన్యజనుల కంతర్జాలమును దెఱచిరి. మొదటి దినములలోఁ దీఁగలు కలియవనియు, కలిసినను మధ్యలోఁ దెగిపోవుననియు ఫిర్యాదులు వెల్లువగా వచ్చెను. అయినను వారు గంటల మూటలుగా నమ్మిరి గాని యపరిమిత మనలేదు. పైగా మన దేశమున నూరిలోని ఫోనుపిలుపునకును గాలమును బట్టి రుసుము పడుచుండెను. అమెరికాలో నూరిలోపలి పిలుపున కట్లు లేదు. కావున నిచ్చటి చందాదారుని చెవిలో సంస్థవారి మీటరొకటి, టెలిఫోను శాఖవారి మీటరొకటి, రెండును దిరుగుచుండెను. పని కాఁగానే లేచెడువాఁడు. పేదరికము క్రమశిక్షణను నేర్పునని యనుట మా యుద్దేశము గాదు. మీటరు నేర్పును.

1998 నవంబరులోఁ బ్రభుత్వము ప్రైవేటువారికిఁ దలుపులు తెఱచెను. దేశమంత కొక తరగతి, రాష్ట్రమంత సర్కిలున కొకటి, జిల్లాయంత ప్రాంతమున కొకటిగా మూఁడు తరగతుల లైసెన్సులు. మొదటి యైదేండ్లు లైసెన్సు రుసుము లేదు, ఆ పై నామమాత్రముగా నొక రూపాయి. ఆ నెలలోనే మొదటి ప్రైవేటు సంస్థగా సత్యం ఇన్ఫోవే బయలుదేఱెను. హైదరాబాదున నున్న సత్యం కంప్యూటర్సు వారి పిల్లసంస్థ యది. 1999 అక్టోబరులో న్యూయార్కు నాస్‌డాక్ విపణిలో వాటాల నమ్మెను. తెలుఁగునాట నెంత యుత్సాహము ప్రబలెనో పెద్దలకు జ్ఞాపక ముండును. ఏ యూరిలోఁ జూచినను మిద్దె మీఁద నొక యింటర్నెట్టు బోర్డు.

ఆ యుత్సాహమునందే మన కులమునకుఁ జెందిన ముగ్గురు యువకులు, అందొకఁడు మా శిష్యుఁడు, ఒక తీరపట్టణమున జిల్లా లైసెన్సుతో సంస్థ నొకటి నెలకొల్పిరి. పేళ్ళు చెప్పుట వారి కిష్టము లేదు. మన ఋణనిధి వారికి సొమ్మిచ్చెను. వారు టెలిఫోను శాఖనుండి ఈ-వన్ అను దారిని దీసికొనిరి. ఆ యొక్క దారిలో ముప్పది మాటలదారు లుండును. ముప్పది మోడెములు, ఒకే నెంబరు. ఏ తీఁగ ఖాళీయో ఎక్స్చేంజియే వెదకి కలుపును. గంటల లెక్క నమ్మినన్నాళ్ళు వ్యాపారము నిలుకడగానే నడచెను. పిమ్మటఁ బోటీ వచ్చెను. ఎదుటివాఁడు "రాత్రి యపరిమితము" అని చీట్లు పంచెను. వీరును బంచిరి. చందాదారులు పెరిగిరి, ప్రతిచందాదారుఁడును నిలుచుకాలమును బెంచెను. మోడెములు ముప్పదియే. రెండవ ఈ-వన్ దారికి దరఖాస్తు పెట్టిరి గాని యది చేతికందువఱకు జనులు నిలువలేదు. సంవత్సరము తిరుగక మూసివేసిరి. అసలు మొత్తమును మాత్ర మా ముగ్గురును వాయిదాల మీఁద 2009 నాఁటికిఁ దీర్చిరి. నిధి పుస్తకములలో నది యున్నది.

కాని మన సభలలో వినవచ్చిన మాట లేమి? కుఱ్ఱవాండ్రు సొమ్మును దుబారా చేసిరని కొందఱు. యంత్రముల వ్యాపారము మనకుఁ బొసఁగదని కొందఱు. ఆ పిమ్మటనే నిషేధవాక్యము పుట్టెను. మేమా పద్దులను జూచితిమి. దుబారా లేదు. కుర్చీలు కూడఁ బాతవే. లేని దొక్కటి: రద్దీగంటలో నెందఱు, ఎంతసేపు అను లెక్క. ఆ లెక్కను మోడెములు తగిలియున్న యంత్రమే ప్రతిపిలుపునకు నారంభకాలము, ముగింపుకాలము వ్రాసి యుంచుచుండెను, బిల్లుల కొఱకు. గంటలు కూడినారు గాని గంటల నడుమ నెత్తుపల్లములను జూడలేదు. అమెరికాలో లక్షలకొలఁది చందాదారులను నిరాశపఱచిన కారణ మే కారణమో, తీరపట్టణమున వందలమందిని నిరాశపఱచినదియు నదే. అచ్చటి యజమానులను దుబారాకోరు లని యెవ్వరు ననలేదు.

ఋణ మడుగువానిని నిషేధించుటకు మాఱుగా, ఋణపుదరఖాస్తులో మూఁడు ప్రశ్నలు చేర్పుఁడని మా ప్రతిపాదనము. మీ వ్యాపారమున మిక్కిలి రద్దీగల గంట యేది? ఆ గంటలో నెందఱు వత్తురు, ఎంతసేపు నిలుతురు? ధర మార్చినచో నిలుచుకాల మెట్లు మాఱును? ఆసుపత్రి పడకలకైనను, క్షౌరశాల కుర్చీలకైనను, నేఁడు కారులకు విద్యుత్తు నెక్కించు స్థలములకైనను నీ ప్రశ్నలు చెల్లును. మూఁడవ ప్రశ్నకు జవాబు చెప్పలేనివానికి మాత్రము ఋణ మీయకుఁడు.

మోడెములను దాఁటి లోపల మఱియొక యిఱుకు ద్వార మున్నదని కూడఁ జెప్పవలెను. ముప్పదిమంది యొక్కసారి 56,000 బిట్ల చొప్పున లాగినచో సెకనునకుఁ బదునాఱులక్షల బిట్లకుఁ బైఁబడును. చిన్నసంస్థల యొద్ద బయటిలోకమునకు నుండిన దారి యందు స్వల్పభాగమే. అయినను బని జరిగినది, ఏలయన మనుష్యుఁడు పుట నొక క్షణమునఁ దెచ్చుకొని రెండు నిమిషములు చదువును. చదువుచున్నంతసేపు మోడెము నాక్రమించును గాని బయటిదారిని వాడఁడు. కాఁబట్టి మోడెములకు పిలుపుల లెక్కయు, బయటిదారికి బిట్ల లెక్కయు వేఱువేఱుగాఁ గట్టవలయును. మోడెములు పెంచి బయటిదారిని బెంచనివాఁడు సత్రములో నాకులు పెంచి గాడిపొయ్యిని బెంచనివాఁడు. ఎంగేజు మ్రోఁత పోవును, మెతుకు మాత్రము రాదు.

సూత్రమున కొక హద్దు కలదని యిదివఱకే సూచించితిమి. బాటసారులు తమ తమ పనులమీఁద వత్తురను నూహ మీఁదనే యది నిలిచినది. పదవతరగతి ఫలితములు వెలువడు దినమున నట్లు కాదు. అందఱు నొక్క గడియకే వత్తురు. అది పెండ్లి, సత్రము గాదు. ఆనాఁడు ముప్పదికిఁ బదునైదు చేర్చిన నేమగును? అట్టిదినమునకు మోడెములు కొనుట వ్యర్థము. ఒక్కని చేత నంకె లన్నియు రప్పించి, గోడకు నంటించుట మేలు. నాఁటి కొన్ని యింటర్నెట్టు కొట్లవా రట్లే చేసిరి, అది మంచి గణితమే.

ఇఁక వసతిగృహము సంగతి. ముగ్గురు దాతలు మూఁడు ఫైబరు దారుల నిచ్చెద మనిరి. ఒక్కొక్కరు తమ తండ్రిగారి పేర వెలసిన భాగమునకే తమ దారి చెందవలయునని కోరిరి. వారి యౌదార్యమునకు శిరసు వంచి నమస్కరించుచు, ఆ మూఁటిని నొక్కచోటఁ గలిపి గృహమంతటికిఁ బంచుటకు సమ్మతింప వేఁడుచున్నాము. ఫైబరునకు ఎంగేజు మ్రోఁత లేదు, మందగించుటయే యున్నది. కావున ముందు చెప్పిన సంఖ్యలు యథాతథముగా వర్తింపవు. వేయి మెగాబిట్ల వేగమని యమ్ముదురు గాని యదియుఁ బలువురకు నమ్మిన వేగమే. ఇంగ్లండులో ఫోనుతీఁగ మీఁది బ్రాడ్‌బ్యాండు మొదలయినప్పు డొక దారి నేఁబదియిండ్ల కమ్ముట మామూలు. కాని విడఁదీసిన మూఁడు పదులకంటెఁ గలిపిన ముప్పది మేలను న్యాయ మిచ్చటను జెల్లును. తూర్పుభాగమున డిగ్రీవిద్యార్థు లూరికిఁ బోయి దారి ఖాళీగా నుండిన రాత్రి, పడమటిభాగమున నింజనీరింగు ప్రవేశమునకుఁ గళాశాల నెన్నుకొనుటకు గడువు ముగియుచున్న పిల్లవాఁ డొక పుట తెఱచుటకై యర్ధరాత్రి వఱకుఁ గూర్చుండుట యే తండ్రి పేరునకుఁ గీర్తి? దారులు కలియు చిన్నగది ద్వారముమీఁద మూఁడు పేళ్ళును సమానమైన యక్షరములతోఁ జెక్కింపవచ్చును.

వార్డెనుగారు మా కోరికపైఁ బదునైదు రాత్రులు, ఎనిమిది మొదలు పదునొకండు వఱకు ప్రతి పావుగంటకు నే భాగమున నెందఱు దారిని వాడుచుండిరో వ్రాసి యుంచిరి. ఆ కాగితములు కార్యాలయమున బల్లమీఁద నున్నవి. మధ్యాహ్నసభకుఁ బూర్వము దాతలును సభ్యులును వానిని జూడఁ గోరుచున్నాము. కూడికలలో సందేహమున్నచో భోజనానంతరము మేము సత్రపు వరండాలోఁ గూర్చుండి యుందుము.